సరైన రేటు చెప్పే యంత్రం: బిగ్‌మెషీన్స్ నుంచి స్టీల్‌బ్రిక్ దాకా

పంపులు తయారుచేసే ఒక కంపెనీకి కొటేషన్ అడుగుతూ ఈమెయిల్ వచ్చిందనుకుందాం. సముద్రపు నీళ్లు తోడాలి, గంటకు ఇన్ని లీటర్లు, ఇంత ఎత్తుకు. పది పంపులకు రేటెంత, ఎప్పటికి ఇస్తారు? అది చదివిన సేల్స్ ఇంజనీరు వెంటనే జవాబు చెప్పలేడు. ఉప్పునీటికి పోత ఇనుము ఆగదు కాబట్టి ఏ రకం స్టీలు వాడాలో డిజైన్ విభాగాన్ని అడగాలి. ఆ స్టీలు ఈ నెల ఏ రేటుకు దొరుకుతోందో పర్చేజ్ వాళ్లు చెప్పాలి. పది పంపులకు ఎంత తగ్గించవచ్చో రీజనల్ మేనేజర్ చెప్పాలి, అంతకు మించి తగ్గించాలంటే అకౌంట్స్ ఒప్పుకోవాలి. ఇవన్నీ తేలాక, కిందటేడు ఇలాంటి ఆర్డరుకే పంపిన ఎక్సెల్ షీటు తెరిచి, పార్టీ పేరు మార్చి, అంకెలు దిద్ది పంపేసరికి వారం గడిచిపోతుంది. ఈలోగా పోటీ కంపెనీ కొటేషన్ చేరి ఉంటుంది. లేదా తొందరలో పంపిన కాగితంలో మోటారు రేటు కలపకుండా వదిలేసి ఉంటారు. అప్పుడు ఆర్డరు వచ్చినా నష్టమే.

ఈ వారం పనిని నిమిషాల్లోకి తెచ్చే సాఫ్ట్‌వేర్‌ను పరిశ్రమలో సీపీక్యూ అంటారు. కాన్ఫిగర్, ప్రైస్, కోట్. అంటే సరుకును కూర్చడం, రేటు కట్టడం, కొటేషన్ ఇవ్వడం. అమెరికాలో ఈ రంగం ఎదిగిన తీరు చూడాలంటే గోడార్డ్ ఏబెల్ నడిచిన దారి చూస్తే చాలావరకు తెలుస్తుంది. 2000లో క్రిస్టఫర్ షట్స్‌తో కలిసి ఆయన బిగ్‌మెషీన్స్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఒరాకిల్ కొన్నది. మరుసటి ఏడాది, మ్యాక్స్ రడ్‌మన్ స్థాపించిన స్టీల్‌బ్రిక్ అనే చిన్న కంపెనీకి ఏబెల్ సీఈఓగా వెళ్లారు. 2015 డిసెంబరులో సేల్స్‌ఫోర్స్ ఆ కంపెనీని సుమారు 36 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

ఇలాంటి కంపెనీ లోపల ఏ భాగం తర్వాత ఏ భాగం కడతారో ఆ క్రమంలోనే చెబుతాను. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఇందులో కోడ్ రాయడం చిన్న పని. ఇద్దరు ముగ్గురు సీనియర్ల తలల్లో ఉండిపోయిన లెక్కను బయటికి తీసి, నిన్న చేరిన సేల్స్ కుర్రాడికి కూడా అందేచోట పెట్టడం పెద్ద పని. ఈ రంగంలో నిలబడ్డ కంపెనీలు ఆ పెద్ద పనిని ఓపికగా చేశాయని నేను నమ్ముతాను.

మొదలు పాత కొటేషన్లతో

మొదటి పని కంప్యూటర్ ముందు జరగదు. మొదటి కస్టమర్‌గా ఒప్పుకున్న కంపెనీలో కూర్చుని, ఏడాదిపాటు వాళ్లు పంపిన కొటేషన్లన్నీ ముందు వేసుకోవాలి. ఆర్డరు వచ్చినవి, పోయినవి, ఆర్డరు వచ్చాక ఫ్యాక్టరీ వెనక్కి పంపినవి, ఇలా మూడు కట్టలు చేయాలి. అన్నిటికంటే విలువైనది మూడో కట్ట. సేల్స్ మనిషి వాగ్దానం చేసి వచ్చిన సరుకు తయారుకాదని ఫ్యాక్టరీ చెప్పిన ప్రతి సందర్భంలోనూ ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటి దొరుకుతుంది.

తర్వాత ఒక్కో కొటేషన్ వెంట నడవాలి. దీనికి ఎంతమందిని అడిగారు, ఎవరి జవాబు కోసం ఎన్నాళ్లు ఆగారు, ఏ అంకె ఏ షీటులోంచి వచ్చింది? ఇలా నాలుగైదు కొటేషన్ల వెంట నడిచేసరికి ఒక పేరు పదేపదే వినిపిస్తుంది. ప్రతి కంపెనీలోనూ అలాంటి మనిషి ఉంటారు. పదవి పెద్దది కాకపోవచ్చు గానీ ‘ఆయన్ని అడగందే రేటు పంపం’ అని అందరూ చెబుతారు. ఆయన దగ్గర కూర్చోవడానికి ఎంత సమయం పెడితే తర్వాతి పని అంత తేలికవుతుంది. ‘ఇది ఎలా చేస్తారు’ అని అడిగితే పొడిపొడిగా చెబుతారు. పాత కొటేషన్ ఒకటి ముందు పెట్టి ‘ఇక్కడ ఈ సీల్ ఎందుకు వేశారు, ఆ కంపెనీకి నాలుగు శాతం ఎందుకు ఎక్కువ తగ్గించారు’ అని అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి.

కూర్పు

రెండో పని సరుకు నమూనా. పంపునే తీసుకుందాం. కేసింగ్‌కు ఐదు రకాల లోహాలు, ఇంపెల్లర్లు ఎనిమిది, సీళ్లు ఆరు, మోటార్లు పన్నెండు, బేస్‌ప్లేట్లు నాలుగు, కప్లింగులు మూడు ఉన్నాయనుకుంటే, కాగితం మీద 34,560 రకాల పంపులు కుదురుతాయి. వాటిలో చాలా భాగం నిజంగా తయారుచేయలేనివి. ఇంత బరువైన మోటారు ఆ చిన్న బేస్‌ప్లేటు మీద కూర్చోదు. పెట్రోలు ఉన్నచోట నిప్పురవ్వ బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారే వాడాలి. వేడి ద్రవానికి మామూలు రబ్బరు సీల్ పనికిరాదు. సాఫ్ట్‌వేర్ ఈ తప్పు జతలను సేల్స్ మనిషి కంటికి కనపడకుండా ఆపాలి. కుదిరేవాటిలో కస్టమర్ అవసరానికి తగినదాన్ని ముందుకు తేవాలి.

ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నం బిగ్‌మెషీన్స్ కంటే ఇరవై ఏళ్లు పాతది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన వాక్స్ కంప్యూటర్లను విడిభాగాల లెక్కన అమ్మేది. ఆర్డర్లలో కేబుళ్లు మరిచిపోవడం, క్యాబినెట్‌లో పట్టని బోర్డులు రాయడం మామూలయింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జాన్ మెక్‌డెర్మాట్ దీనికోసం ఆర్1 అనే ప్రోగ్రాం రాశారు. డిజిటల్ కంపెనీలో దాని పేరు ఎక్స్‌కాన్. 1980లో వాడకంలోకి వచ్చి, ఆర్డరులో తగ్గిన భాగాలు కలిపి, ఏ బోర్డు ఎక్కడ బిగించాలో బొమ్మ గీసి ఇచ్చేది. ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అనే నియమాల రాశి అది. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా నియమాలు చేరుతూ, దశాబ్దం ముగిసేసరికి పదివేలు దాటాయి. ఒకటి మారిస్తే ఇంకెక్కడ ఏది చెడుతుందో చెప్పగలిగినవాళ్లు తగ్గిపోయారు. వాటిని సరిగా ఉంచడానికే పెద్ద బృందం కావలసి వచ్చింది.

ఆ అనుభవం తర్వాత పరిశోధకులు దారి మార్చారు. 1989లో సంజయ్ మిట్టల్, ఫీలిక్స్ ఫ్రేమన్ రాసిన పత్రం ఈ సమస్యకు స్పష్టమైన రూపం ఇచ్చింది. భాగాలు ముందే తెలిసినవి. ఏ భాగం దేనికి, ఎక్కడ అతుకుతుందో కూడా తెలుసు. చేయాల్సిందల్లా ఏది దేనితో కుదరదో చెప్పి, కుదిరే కూర్పును వెతికే పని యంత్రానికి వదలడం. ‘ముందు ఇది, తర్వాత అది’ అని వరస చెప్పనక్కర్లేదు. సేల్స్ మనిషి మోటారు ముందు ఎంచుకున్నా, సీల్ ముందు ఎంచుకున్నా జవాబు ఒకటే రావాలి. మిట్టల్ తర్వాత సెలెక్టికా అనే కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. 2000 మార్చిలో, నాస్‌డాక్ శిఖరాన ఉన్న నెలలోనే, ఆ కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఆ వెంటనే డాట్‌కామ్ బుడగ పగిలింది. మంచి ఇంజిన్ ఉన్నా, దాన్ని కొని ఒక్కో కస్టమర్ దగ్గర నెలల తరబడి బిగించే ఓపిక మార్కెట్‌కు అప్పుడు లేదు. బిగ్‌మెషీన్స్ పుట్టింది సరిగ్గా ఆ ఏడాదే. బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను అద్దె పద్ధతిలో ఇవ్వడం దానికి ఆధారమైంది.

నమూనా కట్టేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉన్న నియమాలన్నీ తొలిరోజే ఎక్కించాలని చూడకండి. ఎక్కువగా అమ్ముడయ్యే సరుకుల వరుసను ఒకదాన్ని తీసుకుని దాన్ని పూర్తిగా, తప్పు లేకుండా చేయండి. పంపుల కంపెనీలో సగం నిండిన పది కేటలాగుల కంటే, కళ్లు మూసుకుని నమ్మగలిగిన ఒక్క కేటలాగు విలువ ఎక్కువ. సేల్స్ మనుషులు సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారి నమ్మలేకపోతే చాలు, మళ్లీ ఎక్సెల్‌కే వెళ్లిపోతారు.

రేటు కట్టడం

మూడో పని దగ్గర చాలా స్టార్టప్‌లు తడబడతాయి. రేటు అంటే జాబితాలో ఉన్న అంకెను సంఖ్యతో గుణించి డిస్కౌంట్ తీసేయడమే అనిపిస్తుంది. ఆచరణలో ఒక రేటు ఎన్నో మెట్లు దిగి వస్తుంది. స్టీల్‌బ్రిక్ తన కొటేషన్ లైనులో ఈ మెట్లను విడివిడిగా దాచింది. మొదట జాబితా రేటు. ఆ కస్టమర్‌తో ముందే కుదిరిన ఒప్పంద రేటు ఏదైనా ఉంటే దాని స్థానంలో అది. ఏడాదికి తక్కువ కాలమైతే రోజులకు తగ్గించిన రేటు. సంఖ్యను బట్టి తగ్గింపు పోయాక మామూలు రేటు. సేల్స్ మనిషి తన చేత్తో ఇచ్చిన డిస్కౌంట్ పోయాక కస్టమర్ రేటు. డీలర్ ద్వారా అమ్మితే అతని వాటా పోయాక పార్టనర్ రేటు. చివరికి నికర రేటు. ప్రతి మెట్టు విడిగా నిలిచి ఉంటుంది కాబట్టి, ఆరు నెలల తర్వాత ఎవరైనా ‘ఇంత తక్కువకు ఎందుకిచ్చాం’ అని అడిగితే ఏ మెట్టు దగ్గర ఎంత జారిందో చూపించవచ్చు. ఈ రంగం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే. చివరి అంకెను మాత్రమే దాచే సాఫ్ట్‌వేర్ కొటేషన్‌ను త్వరగా టైపు చేసి ఇస్తుంది గానీ, అంతకు మించి కంపెనీకి ఏమీ నేర్పదు.

సంఖ్యను బట్టి తగ్గింపు విషయంలో రెండు పద్ధతులు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేస్తే డబ్బు పోతుంది. ఒక వస్తువు రేటు వెయ్యి రూపాయలు. 50 దాకా తగ్గింపు లేదు, 51 నుంచి 100 దాకా 10 శాతం, 101 నుంచి 20 శాతం. కస్టమర్ 120 అడిగాడు. రేంజ్ పద్ధతిలో మొత్తం 120కీ 20 శాతం తగ్గుతుంది, బిల్లు 96,000. స్లాబ్ పద్ధతి మన కరెంటు బిల్లు లాంటిది. ఏ స్లాబులో పడ్డ యూనిట్లకు ఆ స్లాబు రేటే. మొదటి 50కి 50,000, తర్వాతి 50కి 45,000, చివరి 20కి 16,000, మొత్తం 1,11,000. ఒకే పట్టిక నుంచి పదిహేను వేల తేడా వచ్చింది. రేంజ్ పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉంది. 100 వస్తువుల బిల్లు 90,000, 101 వస్తువులది 80,800. ఒక వస్తువు ఎక్కువ కొంటే బిల్లు 9,200 తగ్గుతోంది. తెలివైన కొనుగోలుదారు ఈ గీతను కనిపెట్టి ఎప్పుడూ దానికి ఒకటి ఎక్కువే అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లు పట్టికను ఎక్కించేముందే ఈ గీతలను కంపెనీకి చూపించి, ఇది మీకు ఇష్టమేనా అని అడగాలి.

డిస్కౌంట్ల వరస కూడా ముఖ్యమే. లక్ష రూపాయల మీద 20 శాతం, దాని మీద మరో 10 శాతం తగ్గిస్తే మిగిలేది 72,000. రెండూ కూడి 30 శాతం అనుకున్నవాళ్లకు 70,000 వస్తుంది. ఒక తగ్గింపు శాతంలో, ఇంకొకటి రూపాయల్లో ఉంటే ఏది ముందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. లక్షలోంచి ముందు 5,000 తీసి తర్వాత 10 శాతం తగ్గిస్తే 85,500. ముందు 10 శాతం తగ్గించి తర్వాత 5,000 తీస్తే 85,000. ఏది సరైనదో గణితం చెప్పదు. కంపెనీ చెప్పాలి, చాలా కంపెనీలు ఆ ప్రశ్నను అప్పటిదాకా తమను తాము అడగనే అడగవు. ఇద్దరు సేల్స్ మనుషులు రెండు రకాలుగా లెక్కకట్టి, ఇద్దరూ ఒప్పే అనుకుంటూ ఏళ్లు గడిపి ఉంటారు.

ఇక సబ్‌స్క్రిప్షన్ల గురించి. సాఫ్ట్‌వేర్ అద్దెకిచ్చే కంపెనీలు పెరిగాక కొటేషన్ ఇంజిన్ మీద వచ్చిపడ్డ అసలు భారం ఇది. ఒక కస్టమర్‌కు 200 మంది వాడుకునే ఒప్పందం మార్చి 31న ముగుస్తుంది. అక్టోబరు 1న ఇంకో 30 మందిని చేర్చమన్నాడు. మనిషికి ఏడాది రేటు 12,000. కొత్తవాళ్ల గడువు కూడా పాత ఒప్పందంతోపాటే ముగియాలి. నెలల లెక్కన ఆరు నెలలు, మొత్తం 1,80,000. రోజుల లెక్కన, లీపు ఏడాది కాకపోతే, 365లో 182 రోజులు. ఒక్కరికి 5,983 రూపాయల 56 పైసలు. దాన్ని 30తో గుణిస్తే 1,79,506.80. పైసలకు కుదించకుండా ముందే 30తో గుణించి, చివర కుదిస్తే 1,79,506.85. ఐదు పైసల తేడానే గానీ, కొటేషన్లో ఒక అంకె, ఇన్‌వాయిస్‌లో ఇంకో అంకె ఉంటే కస్టమర్ అకౌంట్స్ విభాగం బిల్లును ఆపేస్తుంది. కుదింపు ఏ మెట్టు దగ్గర చేయాలన్నది మొదటిరోజే రాసుకుని, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కడే కుదిస్తోందో లేదో చూసుకోవాలి.

అప్రూవల్, ఆ పైన కాగితం

నాలుగో పని త్వరగా చెప్పేయవచ్చు. వంద రూపాయల సరుకు మీద ఖర్చు 70 అయితే లాభం 30. పది శాతం డిస్కౌంట్ ఇస్తే లాభం 20కి పడుతుంది, అంటే మూడోవంతు పోయింది. అందుకే డిస్కౌంట్ శాతాన్ని బట్టి కాకుండా మిగిలే మార్జిన్‌ను బట్టి అప్రూవల్ పెట్టడం మేలు. అనుమతి అవసరం లేని హద్దును ధైర్యంగా పెట్టాలి. ప్రతి కొటేషన్ మేనేజర్ దగ్గరికి వెళితే ఆయన చూడకుండానే ఒప్పుకుంటూ పోతాడు, అప్పుడు చూడాల్సినది కూడా దాటిపోతుంది. వేర్వేరు విభాగాల అనుమతులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి అడగాలి. ఒకసారి ఒప్పుకున్న కొటేషన్‌లో రేటుకు సంబంధం లేని చిన్న మార్పు జరిగితే మళ్లీ మొదటికి పంపకూడదు.

కస్టమర్ చేతికి వెళ్లే పీడీఎఫ్‌లో లోపలి మెట్లేవీ కనపడకూడదు. పన్ను, చెల్లింపు షరతులు, కొటేషన్ ఎన్నాళ్లు చెల్లుతుందో స్పష్టంగా ఉండాలి.

పాత కొటేషన్లతో పరీక్ష

ఇంజిన్ తయారయ్యాక, మొదట్లో పోగేసిన పాత కొటేషన్లను ఒక్కొక్కటిగా దానికి ఇవ్వాలి. ఇంజిన్ చెప్పిన రేటు, అప్పట్లో మనుషులు పంపిన రేటు పక్కపక్కన పెట్టాలి. తేడా వచ్చిన ప్రతిచోటా మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది. ఇంజిన్ తప్పు లెక్కకట్టి ఉంటుంది, లేదా అప్పటి మనిషి తప్పు లెక్కకట్టి ఉంటాడు, లేదా ఎవరూ చెప్పని నియమం ఒకటి ఇంకా దాగి ఉంటుంది. మూడోది దొరికినప్పుడు మళ్లీ ఆ సీనియర్ దగ్గరికే వెళ్లాలి. ‘అవును, పోర్టు పక్కన ఉండే పార్టీలకు రవాణా కలపం, అది అందరికీ తెలిసిందే కదా’ అంటారాయన. అందరికీ తెలిసింది కాబట్టే ఎవరూ చెప్పలేదు. తేడాలన్నిటికీ కారణం తెలిసేదాకా సాఫ్ట్‌వేర్‌ను సేల్స్ మనుషుల చేతికి ఇవ్వకూడదు. తర్వాత నియమాలు మార్చిన ప్రతిసారీ ఇదే కట్టతో మళ్లీ పరీక్షించాలి. ఎక్స్‌కాన్ పదివేల నియమాలతో పడ్డ అవస్థ రాకుండా కాపాడేది ఈ అలవాటే.

ఎవరి ఇంట్లో కట్టాలి

సాఫ్ట్‌వేర్ సంగతి ఇంతవరకు. కంపెనీ ఎదగడానికి ఇంకో నిర్ణయం కావాలి, ఆ నిర్ణయంలోనే బిగ్‌మెషీన్స్‌కూ స్టీల్‌బ్రిక్‌కూ తేడా ఉంది.

బిగ్‌మెషీన్స్ సొంత వేదిక మీద నడిచేది. సేల్స్ మనిషి కస్టమర్ల వివరాలు రాసుకునే సీఆర్ఎం ఒకచోట, కొటేషన్ ఇంకోచోట, రెండిటి మధ్యా డేటా అటూ ఇటూ పంపే వంతెన. పేరుకు తగ్గట్టు పెద్ద యంత్రాలు చేసే తయారీదారులకు అది నప్పింది. వాళ్ల సరుకే అంత క్లిష్టమైనది.

స్టీల్‌బ్రిక్ మాత్రం మొత్తం సేల్స్‌ఫోర్స్ సీఆర్ఎం లోపలే కట్టుకుంది. 2006లో సేల్స్‌ఫోర్స్ తెరిచిన ఆప్‌ఎక్స్చేంజ్ ద్వారా ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్‌ను ఒక ప్యాకేజీగా సేల్స్‌ఫోర్స్ కస్టమర్లకు ఇవ్వవచ్చు. స్టీల్‌బ్రిక్ కొటేషన్, దాని లైన్లు, రేటు పట్టికలు అన్నీ కస్టమర్ సేల్స్‌ఫోర్స్ ఖాతాలోనే రికార్డులుగా ఉంటాయి. వంతెన అక్కర్లేదు. సేల్స్ మనిషి కొత్త లాగిన్ నేర్చుకోనక్కర్లేదు. మేనేజర్ రిపోర్టు అడిగితే అమ్మకాల వివరాలూ రేట్లూ ఒకేచోట కనిపిస్తాయి. పెద్ద తయారీదారులను వదిలి, వేగంగా పెరుగుతున్న మధ్యస్థాయి కంపెనీల వైపు అది వెళ్లగలిగింది కూడా ఈ కారణంగానే. వాళ్లకు నెలల తరబడి బిగింపు కోసం ఆగే తీరిక లేదు.

ఇతరుల ఇంట్లో కట్టుకుంటే వాళ్ల షరతులకు లోబడాలి. సేల్స్‌ఫోర్స్‌లో ఒక లావాదేవీ మామూలుగా వంద డేటాబేస్ ప్రశ్నలు దాటకూడదు, ప్రాసెసర్ సమయం పది సెకన్లు మించకూడదు. పది లైన్ల కొటేషన్‌కు ఇది చాలు. ఐదువందల లైన్లతో, ఒక్కో దానికి ఎన్నో రేటు నియమాలతో వచ్చే కొటేషన్ ఈ గోడకు గుద్దుకుంటుంది. స్టీల్‌బ్రిక్ వాడినవాళ్లందరికీ లెక్క తిరుగుతున్నప్పుడు కనిపించే ఆ చక్రం గుర్తుంటుంది. అలా ఉన్నా, నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. కొటేషన్ రాసే మనిషి రోజంతా ఏ తెర ముందు కూర్చుంటాడో ఆ తెరలోనే ఇంజిన్ ఉండడం, దాని వేగం కంటే ముఖ్యం.

ఇదే ఇంట్లో పక్కగది అపట్టస్‌ది. 2006లో మొదలైన ఆ కంపెనీ ఒప్పంద పత్రాల నిర్వహణనూ కొటేషన్‌నూ కలిపి పెద్ద కంపెనీలకు అమ్మింది. 2018లో థోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థ దానిలో ఎక్కువ వాటా తీసుకుంది, 2020లో దాన్ని కాంగా అనే కంపెనీతో కలిపారు.

అమ్ముడైన తర్వాతి పని

కొటేషన్ ఒప్పుకున్నాక పని మొదలవుతుందే తప్ప ముగియదు. ఆర్డరు తయారవాలి, ఒప్పందం పుట్టాలి, మధ్యలో కస్టమర్ అడిగే మార్పులకు సవరణ కొటేషన్ రావాలి, గడువు దగ్గరపడ్డాక రెన్యూవల్ కొటేషన్ దానంతట అదే తయారవాలి, బిల్లు వెళ్లాలి. స్టీల్‌బ్రిక్ 2015లో ఇన్‌వాయిస్ ఐటీ అనే బిల్లింగ్ కంపెనీని కొన్నది ఇందుకే. రేటు కట్టిన చోటే బిల్లు కూడా పుడితే ఆ ఐదు పైసల తగాదా ఉండదు. ఆ ఏడాది అక్టోబరులో 4.8 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది, రెండు నెలలకే సేల్స్‌ఫోర్స్ కొనుగోలు ప్రకటన వెలువడింది.

ఇలాంటి కంపెనీలు పెరిగి పెద్దవాళ్ల చేతికి వెళ్లడం వెనుక ఒక స్థిరమైన కారణం ఉంది. కస్టమర్ ఎవరో సీఆర్ఎంకు తెలుసు. సరుకు ఎంతకు తయారవుతుందో, ఖర్చుల లెక్కలు చూసే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. రెండిటికీ మధ్య, ఈ కస్టమర్‌కు ఈ సరుకును ఎంతకివ్వాలన్న ప్రశ్న చాలాకాలం ఎవరిదీ కాకుండా పోయింది. స్టార్టప్ ఆ సందులో పుడుతుంది. సందు ఎంత విలువైనదో తేలగానే ఏదో ఒక పక్కవాళ్లు దాన్ని తమలో కలుపుకుంటారు. ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్ తర్వాత 2018లో ఎస్ఏపీ కూడా కాలిడస్ అనే కంపెనీని కొని ఈ ఇంజిన్‌ను సంపాదించుకుంది.

కొన్నవాళ్ల దగ్గర పని మళ్లీ మనుషుల చేతికే వచ్చింది. సేల్స్‌ఫోర్స్ సీపీక్యూగా పేరు మారాక, ఒక్కో కంపెనీలో దాన్ని బిగించి, నియమాలు ఎక్కించి, పరీక్షించే పనిలో హైదరాబాద్ ఇంజనీర్లు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చాలామంది చేరారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో సేల్స్‌ఫోర్స్ నేర్చుకునేవాళ్లకు ఇది ప్రత్యేక కోర్సు అయింది. స్టీల్‌బ్రిక్ అన్న పేరు తెరమీద పోయినా, ప్యాకేజీలో ప్రతి ఫీల్డు పేరు ముందు ఎస్‌బీక్యూక్యూ అనే అక్షరాలు నేటికీ ఉన్నాయి. ఆ అక్షరాల కింద ఏ మెట్టు రేటు ఉందో తెలిసిన వాళ్లకు ఈ రంగంలో గిరాకీ ఉంటుంది. కోర్సుల్లో తెరలు, బటన్లు బాగా నేర్పుతారు. రేంజ్‌కూ స్లాబుకూ తేడా, కుదింపు ఎక్కడ జరగాలి, మార్జిన్ ఎలా కరుగుతుంది అన్నవి కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోవాలని ఆ దారిలో ఉన్న పిల్లలకు నేను గట్టిగా చెబుతాను. తెరలు మారిపోతాయి.

మారాయి కూడా. 2025లో సేల్స్‌ఫోర్స్ ఈ పాత ప్యాకేజీని కొత్త కస్టమర్లకు అమ్మడం ఆపి, తన మూల వేదిక మీద తిరిగి కట్టిన రెవెన్యూ క్లౌడ్ వైపు దారి మళ్లించింది. అదే ఏడాది సర్వీస్‌నౌ సంస్థ, లాజిక్ డాట్ ఏఐ అనే సీపీక్యూ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ఈ లాజిక్ స్థాపకుల్లో బిగ్‌మెషీన్స్ నాటి క్రిస్టఫర్ షట్స్ ఒకరు, ఏబెల్ కూడా ఆయన వెంటే ఉన్నారు.

అందువల్ల ఇప్పుడు చాలా కంపెనీల ముందున్న పని కొత్తగా కట్టడం కాదు, పాతదాన్ని తరలించడం. దానికీ ఒక క్రమం ఉంది. ముందు నడుస్తున్న ఒప్పందాలు, వాటి గడువు తేదీలు, కుదిరిన రేట్లు తరలించాలి. అవి తప్పితే రాబోయే రెన్యూవల్ బిల్లు తప్పుతుంది. తర్వాత సరుకుల జాబితా. అమ్మడం ఎప్పుడో ఆపేసిన వస్తువులను, ఏ ఒప్పందంలోనూ లేకపోతే, వదిలేయాలి. నియమాలను చివరికి ఉంచుకోవాలి. ప్రతి నియమం పక్కనా అది ఎందుకుందో ఒక్క వాక్యం రాయించాలి. ఎవరూ కారణం చెప్పలేని నియమాన్ని కాసేపు ఆపి, గత ఏడాది కొటేషన్లను మళ్లీ లెక్కకట్టించి చూడాలి. ఏ రేటూ మారకపోతే ఆ నియమం అక్కర్లేదు. ఒక్క కొటేషన్లోనైనా రేటు మారితే, ఆ కొటేషన్ పంపిన మనిషి ఇంకా కంపెనీలో ఉన్నారేమో కనుక్కుని, ఆయన దగ్గరికి వెళ్లి అడగాలి.